ఇంటి కారును ఏ చక్రాలు నడపాలి?

కొత్త కారు కొనబోయే కుటుంబానికి ఈమధ్య ఒక ప్రశ్న ఎదురవుతోంది. మోడల్ ఒకటే, సీట్లు అవే, డిక్కీ అదే. కానీ ఒక రకంలో ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది, మరో రకంలో నాలుగు చక్రాలకూ అందుతుంది. రెండోదానికి ధర ఎక్కువ, బరువు ఎక్కువ, మైలేజీ కాస్త తక్కువ. అయినా ఆల్ వీల్ డ్రైవ్ అంటే పై తరగతి అనీ, డబ్బున్నవాళ్లు అదే కొనాలనీ, లేనివాళ్లు ముందు చక్రాలతో సర్దుకోవాలనీ ఒక అభిప్రాయం స్థిరపడుతోంది. కారు చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. ఈ రెండు పద్ధతులూ రెండు వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు చోట్ల దొరికిన జవాబులు. తక్కువ ఖర్చుతో, తక్కువ పొడవులో నలుగురైదుగురిని ఎలా కూర్చోబెట్టాలన్న ఆలోచన ముందు చక్రాల డ్రైవ్‌ను ఇంటి కారులోకి తెచ్చింది. పట్టు దొరకని నేల మీద బండిని ఎలా కదిలించాలన్న అవసరం నాలుగు చక్రాల డ్రైవ్‌ను పుట్టించింది. మొదటిది ఇంటి అవసరం, రెండోది దారి అవసరం. కొనేవారు తమకున్నది ఏ అవసరమో తేల్చుకుంటే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

మొదట్లో ఈ రెండూ కాక మూడో పద్ధతి రాజ్యమేలింది. 1891లో ఫ్రాన్సులో పనార్ ఎ లెవస్సోర్ కంపెనీ ఇంజనును ముందు పెట్టి వెనక చక్రాలను తిప్పే అమరికను తెచ్చింది. ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు ప్రపంచంలోని కార్లలో ఎక్కువ భాగం అదే బాటలో నడిచాయి. మన దేశంలో 1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్, ఫియట్ 1100గా మొదలై ప్రీమియర్ పద్మినిగా కొనసాగిన కారు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, మూడూ వెనక చక్రాలతో నడిచినవే. ఈ అమరికలో ముందున్న ఇంజను నుంచి వెనక యాక్సిల్ దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ కారు పొడవునా తిరుగుతుంటుంది. దానికి చోటివ్వడానికి కారు నేల నడిమధ్య ఎత్తుగా లేస్తుంది. వెనక సీట్లో మధ్యన కూర్చున్నవారు కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టుకోవాలి. రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ వెనక ఉండటం వల్ల సీటూ డిక్కీ నేలా పైకి జరుగుతాయి. కారు పొడవుగా, బరువుగా ఉన్నప్పుడు ఈ నష్టం పెద్దగా కనిపించదు. అంబాసిడర్ వెనక సీటు విశాలమన్న పేరు తెచ్చుకోవడానికి కారణం ఆ కారు పరిమాణం. కారును చిన్నది చేయాలనుకున్న రోజునే షాఫ్ట్ తినేసే చోటు ఎంతో తెలుస్తుంది.

ముందు చక్రాలనే నడపాలన్న ఊహ మాత్రం చాలా పాతది. 1769లో ఫ్రెంచి సైనిక ఇంజనీరు క్యున్యో తయారు చేసిన ఆవిరి బండిలో నడిచేది ముందున్న ఒంటి చక్రమే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ముందు చక్రం పక్కలకు తిరగాలి, తిరుగుతూనే శక్తినీ అందుకోవాలి. మామూలు జాయింటు వంగినప్పుడు ఒకే వేగంతో తిరగదు, ఆ కుదుపు స్టీరింగు దాకా వస్తుంది. 1920లలో ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ రూపొందించిన ట్రాక్టా జాయింటూ, అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ జెప్పా పేటెంటు తీసుకున్న బంతుల జాయింటూ ఈ చిక్కును విప్పాయి. ఇవాళ మెకానిక్కులు సీవీ జాయింటు అని పిలిచేది ఈ వంశంలోదే. 1934లో సిట్రోయెన్ కంపెనీ ట్రాక్షన్ అవాంట్ అనే కారుతో ముందు చక్రాల డ్రైవ్‌ను పెద్ద ఎత్తున మార్కెట్లోకి తెచ్చింది. కారు తయారీకి పెట్టిన ఖర్చు తట్టుకోలేక కంపెనీ ఆ ఏడాదే దివాలా తీసి మిషెలిన్ చేతికి వెళ్లింది, ఆండ్రే సిట్రోయెన్ మరుసటి ఏడాది చనిపోయారు. కారు మాత్రం 1957 దాకా తయారవుతూనే ఉంది. షాఫ్ట్ లేకపోవడంతో దాని నేల చదునుగా, భూమికి దగ్గరగా కుదిరింది. లోపలి చోటు ఈ పద్ధతికి ఎంత సహజమైన లాభమో అప్పుడే రుజువైంది.

అయితే దాన్ని సామాన్య కుటుంబం దాకా చేర్చింది పెట్రోలు కొరత. 1956లో సూయజ్ సంక్షోభం వల్ల బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ తాగే చిన్న కారు, అందులోనూ నలుగురు నిజంగా పట్టే కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తన ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌ను అడిగింది. ఆయన ఇంజనును నిలువుగా కాకుండా అడ్డంగా పెట్టారు, గేరుబాక్సును దాని కిందే ఆయిల్ సంపులో ఇమిడ్చారు, చక్రాలను పది అంగుళాలకు కుదించారు. 1959లో వచ్చిన ఆ మినీ పొడవు దాదాపు 3.05 మీటర్లు. నేల వైశాల్యంలో సుమారు 80 శాతం మనుషులకూ సామాన్లకూ దక్కింది. ఇంజనూ గేరుబాక్సూ ఒకే నూనె పంచుకోవడం లాంటి ఇబ్బందులను ఇటలీలో దాంతే జకోసా తొలగించారు. 1964 నాటి ఆటోబియాంకీ ప్రిములాలో గేరుబాక్సును అడ్డంగా పెట్టిన ఇంజనుకు పక్కన చేర్చి, రెండు చక్రాలకూ పొడవు సమానం కాని రెండు షాఫ్టులు ఇచ్చారు. 1969లో ఫియట్ 128 ఆ నమూనాను వ్యాప్తిలోకి తెచ్చింది, 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ స్థిరపరచింది. ఇవాళ మన వీధుల్లో తిరిగే హ్యాచ్‌బ్యాకుల బానెట్ ఎత్తి చూస్తే దాదాపు అన్నింటిలోనూ జకోసా అమరికే కనిపిస్తుంది.

మన దేశంలోకి ఈ మార్పు 1983 డిసెంబరులో మారుతి 800తో వచ్చింది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను, అడ్డంగా పెట్టింది, ముందు చక్రాల డ్రైవ్. ధర దాదాపు 50 వేల రూపాయలు. అంబాసిడర్ కన్నా దాదాపు ఒక మీటరు పొట్టి, బరువు ఆరేడు వందల కిలోల మధ్య. అయినా అందులో నలుగురు కూర్చున్నారు, పిల్లలుంటే ఆరుగురు కూడా సర్దుకున్నారు. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది: మారుతి గెలిచింది జపాన్ నాణ్యత వల్ల, ధర వల్ల, ప్రభుత్వ అండ వల్ల, అప్పటికున్న కార్లు పాతబడిపోవడం వల్ల, ఇందులో చక్రాల గొప్ప ఏముందని. ఆ కారణాలన్నీ నిజమే. కానీ ధరా బరువూ ఆకాశం నుంచి ఊడిపడవు. ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్, వాటిని మోసే బరువైన యాక్సిల్ లేకపోవడం వల్ల ఇనుము తగ్గింది. ఇంజనూ గేరుబాక్సూ డ్రైవూ ఒకే ముద్దగా కలిపి బిగించడం వల్ల తయారీలో పని తగ్గింది. బరువు తగ్గడం వల్ల చిన్న ఇంజను సరిపోయింది, మైలేజీ పెరిగింది. అవే ఏళ్లలో వచ్చిన కాంటెసా, ప్రీమియర్ 118 ఎన్‌ఈ, స్టాండర్డ్ 2000 మూడూ వెనక చక్రాల కార్లు. వాటిలో హుందాతనం ఉంది, సామాన్య కుటుంబానికి అందే లెక్క లేదు. 1998లో వచ్చిన శాంత్రో, ఇండికా రెండూ ముందు చక్రాల దారినే పట్టాయి.

ఈ వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణలు రెండున్నాయి, వాటిని దాటవేయకూడదు. 1984లో అదే మారుతి కంపెనీ తెచ్చిన వ్యాను, తర్వాత ఓమ్నిగా పేరుపడింది, వెనక చక్రాల బండి. 2005లో వచ్చిన ఇన్నోవా కూడా వెనక చక్రాలదే. పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ తెలుగు కుటుంబాలు కోరి ఎక్కింది ఆ బండినే. వీటిని దగ్గరగా చూస్తే నా మాట బలపడుతుంది. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కింద దాక్కుంది, అంటే చోటు సంపాదించడానికి మరో ఉపాయం దొరికింది. మొదటి ఇన్నోవా బలమైన చాసిస్ మీద కట్టిన పొడవైన బండి, ఏడెనిమిది మందిని, వాళ్ల సామాన్లను మోసినప్పుడు బరువు వెనక చక్రాల మీదే పడుతుంది గనుక ఆ అమరిక దానికి నప్పింది. 2022 చివర్లో ఇన్నోవా హైక్రాస్‌ను విడి చాసిస్ లేకుండా, ముందు చక్రాల డ్రైవ్‌తో రూపొందించినప్పుడు నేల చదునై లోపలి చోటు ఇంకా కలిసొచ్చింది. మూడు బండ్లలోనూ రూపశిల్పులు వెతికింది మనుషులకు చోటునే, ఏ చక్రాలు నడవాలన్నది దాని వెంట వచ్చిన నిర్ణయం.

నాలుగు చక్రాల చరిత్ర పూర్తిగా వేరే నేల మీద నడిచింది. 1903లో డచ్చి కంపెనీ స్పైకర్ నాలుగు చక్రాలూ నడిచే పెట్రోలు కారును చేసింది గానీ అది ప్రదర్శన వస్తువుగానే మిగిలింది. 1941 నుంచి అమెరికా సైన్యానికి విల్లిస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాక ప్రపంచానికి ఈ పద్ధతి విలువ తెలిసింది. రోడ్డు లేనిచోట, బురదలో, ఇసుకలో, ఎత్తుల్లో మనిషినీ సామగ్రినీ చేర్చడం దాని పని. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా కంపెనీ విల్లిస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. సైన్యం, పోలీసు, అటవీ శాఖ, నీటిపారుదల ప్రాజెక్టుల ఇంజనీర్లు వాటిని వాడారు. 1985లో మారుతి జిప్సీ ఆ వరుసలో చేరింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మహీంద్రా జీపులు పల్లెల్లో జనాన్ని మోసే బండ్లుగా మారిన కొద్దీ వాటిలో రెండు చక్రాల డ్రైవ్ రకాలే విరివిగా వచ్చాయి. 2000లో వచ్చిన బొలెరోలోనూ నాలుగు చక్రాల రకం ఉన్నా, ఊళ్లలో తిరిగేవాటిలో అత్యధికం వెనక చక్రాలవే. అడవి దారి కోసం పుట్టిన బండి జనం బండి అయ్యేసరికి ఆ అదనపు యంత్రాన్ని వదిలించుకుంది. మన పల్లె రోడ్లు బాగున్నాయని కాదు, ఆ రోడ్లకు కావాల్సింది ఎత్తూ గట్టిదనమూ అని వాడినవాళ్లు తెలుసుకున్నారు.

జీపు గుణాన్ని ఇంటి కారులోకి తెచ్చింది మంచు. జపాన్ ఉత్తర భాగంలోని తోహొకు విద్యుత్ సంస్థ సిబ్బంది చలికాలంలో కొండల్లోని లైన్లను చూసుకోవాల్సి వచ్చేది. జీపు వెళ్లేది గానీ లోపల చలి, కుదుపు. కారులా సుఖంగా ఉండి మంచులో నడిచే బండి కావాలని వాళ్లు కోరారు. అప్పటికే ముందు చక్రాలతో నడుస్తున్న సుబారు కారుకు వెనక చక్రాల డ్రైవ్ జోడించి చూశారు. 1972లో వచ్చిన సుబారు లియోనె నాలుగు చక్రాల ఎస్టేట్ వ్యాను ఆ ప్రయత్నానికి ఫలం. యూరప్‌లోనూ కథ ఇలాంటిదే. 1977 చలికాలంలో ఫిన్లాండ్ మంచులో పరీక్షలు జరుపుతున్నప్పుడు ఆడి ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఒక విషయం గమనించారు. ఫోక్స్‌వ్యాగన్ సైనిక వాహనం ఇల్టిస్, తక్కువ శక్తి ఉన్నదైనా, బలమైన కార్లను దాటిపోతోంది. ఆ గమనింపు నుంచే 1980లో జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో కనిపించింది, ర్యాలీ పందేలను గెలిచి పేరు తెచ్చుకుంది. అంటే ఇవాళ షోరూముల్లో విలాసంగా కనిపించే లక్షణానికి మూలం యుద్ధభూమి, విద్యుత్ లైన్లు, ఉత్తర ఐరోపా చలికాలం. ఆ మూలం దాని విలువను తగ్గించదు, ఎక్కడ విలువైనదో చెబుతుంది.

ఇంకో సంగతి కొనేవారికి అరుదుగా చెబుతారు. జీపులో డ్రైవరు లివరు లాగి నాలుగు చక్రాలను కలుపుతాడు. మన మార్కెట్లో డస్టర్ నుంచి గ్రాండ్ వితారా దాకా కుటుంబం కోసం అమ్మిన ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువ భాగం అలాంటివి కావు. అవి మూలంగా ముందు చక్రాల కార్లే. ముందు చక్రం జారుతోందని, లేదా జారబోతోందని కంప్యూటరు గుర్తించినప్పుడు ఒక క్లచ్ బిగిసి వెనక చక్రాలకు కొంత శక్తి పంపుతుంది. పొడి తారు రోడ్డు మీద రోజూ ఆఫీసుకూ బడికీ వెళ్లే కారు ఎక్కువ సమయం ముందు చక్రాలతోనే నడుస్తుంది, వెనకకు పోయే షాఫ్టునూ డిఫరెన్షియల్‌నూ మాత్రం రోజంతా మోస్తుంది. షాఫ్ట్ తీసేసి ఇంటికి సంపాదించిపెట్టిన చోటునూ మైలేజీనీ కొంత తిరిగి ఇచ్చేసి ఈ సౌకర్యం కొంటున్నాం. ఏడాదిలో దాని అవసరం ఎన్నిసార్లు వస్తుందో లెక్క వేసుకోవడం పిసినారితనం కాదు, వివేకం.

ప్రాణం విషయంలో లెక్కలేమిటి, నాలుగు చక్రాలైతే భద్రత ఎక్కువ కదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. 1978 జనవరిలో ఆడి వాళ్లు క్వాట్రో నమూనాను ఆస్ట్రియాలోని టురాకర్ హోహె కనుమ మీదికి వేసవి టైర్లతోనే, మంచులోనే ఎక్కించారు. అది నిజమైన విజయం. కానీ అది ఎక్కడానికి సంబంధించిన విజయం. అదే కొండ దిగేటప్పుడు ఇంజను ఏ చక్రాలకు కలిసి ఉందన్నది పెద్దగా అక్కరకు రాదు, ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరుకూ నేలకూ మధ్య పట్టు. మలుపులో నిలబెట్టేదీ అదే. పైగా సులువుగా వేగం అందుకునే కారు నేల ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు తెలియనివ్వదు, బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది. మంచు ఎరిగిన సమాజాలు చట్టాలు ఎలా రాశాయో చూడండి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 2008 నుంచి చలికాలంలో కార్లకు తప్పనిసరి చేసింది మంచు టైర్లను, ఆల్ వీల్ డ్రైవ్‌ను కాదు. కాలిఫోర్నియా కొండ రోడ్లలో గొలుసులు కట్టాల్సిన రోజున ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఒక దశ దాకా మినహాయింపు ఉంది, కానీ నాలుగు చక్రాలకూ మంచుకు తగిన టైర్లు ఉంటేనే. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఆల్ వీల్ డ్రైవ్ ఉపయోగపడుతుంది, ఇంకా తొలగించని మంచులో ఇంటి ముందు నుంచి బండి కదలడమే అక్కడ ఒక సమస్య. అయితే అక్కడ కూడా మొదటి ఖర్చు టైర్ల మీదే ఉండాలి. మన దగ్గర 2019 నుంచి కార్లన్నింటికీ, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదుపు తప్పబోతున్నప్పుడు తగిన చక్రానికి దానంతటదే బ్రేకు వేసి కారును దారిలో ఉంచే స్టెబిలిటీ కంట్రోలు, 1995లో ఖరీదైన మెర్సిడెస్‌తో మొదలైంది, ఇప్పుడు చిన్న కార్లలోకీ వచ్చింది. భద్రత కోసం అదనంగా పెట్టే డబ్బు ముందు వీటికి వెళ్లాలి.

ఇక మన నేల. ఘాట్ రోడ్ల సంగతేమిటని అడిగేవారున్నారు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అంబాసిడర్ వెనక చక్రాలతో, మారుతి ముందు చక్రాలతో, నిండా జనంతో ఆ కొండ ఎక్కుతూనే వచ్చాయి. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది, ముందు చక్రాలు తేలికపడతాయి, ఇది ముందు చక్రాల డ్రైవ్‌కు ఉన్న అసలైన బలహీనత. మంచి తారు రోడ్డు మీద ఆ తగ్గిన పట్టు కూడా సరిపోతుంది, అక్కడ ఇబ్బంది పడేది ఇంజనూ క్లచ్చూ. కానీ తారు అయిపోయి, తడిసిన కంకర మీద, నిండు బరువుతో నిటారుగా ఎక్కాల్సి వస్తే ముందు చక్రాలు గిరగిరా తిరిగి నిలిచిపోతాయి. పాడేరు, మారేడుమిల్లి వైపు లోపలి గూడేలకు వారం వారం వెళ్లే ఉద్యోగికో వైద్యుడికో నాలుగు చక్రాల బండి అవసరమే. వానకాలంలో నల్లరేగడి పుంతలో చేనుకు వెళ్లే రైతుకూ అవసరమే, ఆయనకు బురద టైర్లూ గ్రౌండ్ క్లియరెన్సూ కూడా కావాలి. వరద విషయంలో మాత్రం ఏ డ్రైవ్‌నూ నమ్మకూడదు. పారే నీరు 30 సెంటీమీటర్లు ఉంటే చిన్న కారు తేలవచ్చు, 60 సెంటీమీటర్లు ఉంటే పెద్ద ఎస్‌యూవీ కూడా కొట్టుకుపోవచ్చు. తేలిన బండికి ఎన్ని చక్రాలు తిరిగినా నేల అందదు. చప్టా మీద వాగు పొంగినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ ఇచ్చే ధైర్యమే అన్నిటికన్నా ప్రమాదం.

తయారీదారులు ఈ లెక్క ఎరిగినవారే. 2019లో పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి వెలువడిన సెల్టోస్ మన దేశంలో ముందు చక్రాలతోనే అమ్ముడవుతోంది. అదే పేరుతో అమెరికాలో అమ్మే కారును ఆల్ వీల్ డ్రైవ్‌తోనూ ఇస్తున్నారు. దీన్ని మనకు జరిగిన అన్యాయంగా చూడనక్కర్లేదు. మన వాతావరణం, మన రోడ్లు, మన మైలేజీ ఆరాటం ఆ నిర్ణయంలో ఉన్నాయి. మరోవైపు 1996లో సుబారు అమెరికాలో అమ్మే తన కార్లన్నింటికీ ఆల్ వీల్ డ్రైవ్‌నే ఇవ్వాలని నిర్ణయించుకుంది. మంచు రాష్ట్రాల్లో అది వాడుక వస్తువు, మంచు పడని రాష్ట్రాల్లో అది ఒక జీవనశైలికి గుర్తు. అవసరంగా పుట్టింది హోదాగా మారే ఈ క్రమం ఇప్పుడు మన షోరూముల్లోకి వస్తోంది. కొనేవారు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే.

విద్యుత్ కార్లు వచ్చాక పాత కారణాల్లో కొన్ని చెల్లవు. మోటారు చిన్నది, దాన్ని ఏ యాక్సిల్ దగ్గరైనా పెట్టవచ్చు, మధ్యలో షాఫ్ట్ అక్కర్లేదు. నెక్సాన్ ఈవీ ముందు చక్రాలతో నడిస్తే మహీంద్రా కొత్త విద్యుత్ కార్లు వెనక చక్రాలతో నడుస్తున్నాయి, రెండింటిలోనూ మనుషులకు చోటు దొరుకుతోంది. రెండో మోటారు చేర్చి నాలుగు చక్రాలనూ నడపడం మునుపటికన్నా సులువైంది. చోటు కోసం ముందు చక్రాలు అన్న వాదం అక్కడ బలహీనపడుతుంది, దారి కోసం నాలుగు చక్రాలు అన్న వాదం అలాగే నిలుస్తుంది. పెట్రోలు, డీజిలు, హైబ్రిడ్ కారు కొనే కుటుంబానికి మాత్రం చరిత్ర చెప్పేది స్పష్టం. తారు రోడ్ల మీద, పట్నంలో, హైవేలో, ఏడాదికోసారి కొండ మీది దేవుడి దగ్గరికి తిరిగే ఇంటికి ముందు చక్రాల డ్రైవ్ రాజీ కాదు, ఆ ఇంటి కోసమే అరవై ఏళ్లుగా మెరుగుపడిన పద్ధతి. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, స్టెబిలిటీ కంట్రోలు, ఎయిర్‌బ్యాగులు ఉన్న రకం తీసుకుంటే ఆ ఇంటివారికి నిజమైన రక్షణ దొరుకుతుంది. తారు ఆగిపోయే చోట బతుకు సాగించేవారు, మంచు దేశాల్లో ఉండేవారు సంకోచం లేకుండా నాలుగు చక్రాలకు డబ్బు పెట్టవచ్చు, ఎందుకంటే ఆ యంత్రం వాళ్లలాంటివారి కోసమే పుట్టింది.